చిప్‌లో పట్టని కేయాస్

పోర్ట్ బ్లెయిర్ రేవు నుంచి పడవ వేసుకుని వెళ్లేవాళ్లు రెండు సంగతులు చూసుకుంటారు. పోటు ఎప్పుడు, వాన ఎప్పుడు. మొదటి ప్రశ్నకు జవాబు ముందే అచ్చయి దొరుకుతుంది. సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే పట్టికల్లో ఏ రోజు ఏ వేళకు నీరు ఎంత ఎత్తుకు లేస్తుందో ఉంటుంది. ఈ రేవులో ఆటుపోట్లను కొలిచే పరికరం 1880 నాటికే ఉంది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపం పుట్టించిన సునామీని కూడా ఆ పరికరం గీసిపెట్టింది. రెండో ప్రశ్న మాత్రం మొండిది. వచ్చే నెల ఫలానా తేదీ మధ్యాహ్నం వాన పడుతుందా అంటే ఎంత పెద్ద సూపర్ కంప్యూటరయినా చేతులెత్తేస్తుంది.

సముద్రం అదే, గాలి అదే, రెండూ నడిచేది భౌతికశాస్త్ర నియమాల ప్రకారమే. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది గానీ, పోటుకూ వానకూ మధ్య ఉన్న ఈ తేడా మారలేదు. చంద్రుడి, సూర్యుడి ఆకర్షణ వల్ల వచ్చే పోటు లెక్కలో ఇవాళ చిన్న పొరపాటు చేస్తే, ఏడాది తరువాతి జవాబులోనూ పొరపాటు చిన్నగానే ఉంటుంది. వాతావరణంలో అలా కాదు. 1961లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్‌లో ఒక వాతావరణ లెక్కను మధ్య నుంచి మళ్లీ నడిపించాలనుకుని, 0.506127 అని ఉన్నచోట 0.506 అని కొట్టాడు. కాసేపు పాత జవాబులూ కొత్త జవాబులూ కలిసే నడిచాయి. ఆ తరువాత వాటి మధ్య పోలికే లేకుండా పోయింది. నియమంలో ఎక్కడా అదృష్టం, పాచికలు లేవు. అయినా జవాబును ముందుగా చెప్పలేం. దీన్నే కేయాస్ అంటున్నాం. తెలుగులో 'అస్తవ్యస్తత' అని రాస్తుంటారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు, ఎందుకంటే ఇక్కడ వ్యవస్థ చక్కగా ఉంది. లేనిదల్లా మనకు జోస్యం చెప్పే శక్తి.

వాతావరణ శాస్త్రవేత్తకు తలనొప్పి అయిన ఈ గుణమే ఇంకొకరికి వరంలా కనిపించింది. వాళ్లు రహస్య సంకేతాలు తయారుచేసేవాళ్లు.

వాళ్ల అవసరం ఏమిటో అండమాన్ నుంచే చూద్దాం. 2020 ఆగస్టు 10 వరకు ఈ దీవుల ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల మీదే ఆధారపడింది. ఆ రోజు చెన్నై నుంచి సముద్రగర్భం గుండా వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లకు అది చేరుతుంది. విశాఖ నుంచి ఓడెక్కి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వారిలో ఒకరు ఇవాళ ఫోన్‌లో ఊరికి డబ్బు పంపితే, ఆ ఫోనూ బ్యాంకు సర్వరూ ముందుగా ఒక తాత్కాలిక రహస్య సంఖ్యను కుదుర్చుకుంటాయి. ఆ తరువాతి మాటలన్నీ ఆ సంఖ్యతోనే తాళం వేసుకుంటాయి. దారిలో ఎవరైనా కేబుల్ మీద చెవి వేసినా వినబడేది గోల మాత్రమే. అయితే ఆ సంఖ్యను ఊహించగలిగితే తాళం బద్దలు కొట్టే పనే లేదు, తలుపు తెరిచే ఉన్నట్టు లెక్క.

అందుకే ఎవరూ ఊహించలేని సంఖ్యలు కావాలి. ఫోన్‌కు పెద్ద ప్రాసెసర్ ఉంది, కాబట్టి దాని సంగతి సులువే. బ్యాటరీ మీద నెలల తరబడి సముద్రంలో తేలుతూ కొలతలు పంపే బోయా లాంటి పరికరాన్ని తలచుకోండి. బంగాళాఖాతంలో సునామీని పసిగట్టే బోయాల సమాచారం ఉపగ్రహం ద్వారా హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌కు చేరుతుంది. 2007 నుంచి మన సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే పనిచేస్తోంది. ఇటువంటి ఏ పరికరం విషయంలోనైనా, వచ్చిన సందేశం నిజంగా అదే పంపిందా, మధ్యలో ఎవరైనా కల్పించారా అన్నది తేలాలి. ఆ పనికీ రహస్య సంఖ్యలే కావాలి. అక్కడ ఖర్చుపెట్టగలిగింది కొద్దిపాటి సిలికాన్, ఇంకా కొద్దిపాటి విద్యుత్తు.

కంప్యూటర్ తనంతట తాను యాదృచ్ఛికంగా ఏమీ చేయలేదు. చెప్పింది చేస్తుంది, మళ్లీ చెబితే మళ్లీ అదే చేస్తుంది. కాబట్టి అది ఇచ్చేవి మిథ్యా యాదృచ్ఛిక సంఖ్యలు. ఒక చిన్న సంఖ్యను విత్తనంగా వేసి, ఒక సూత్రంతో దానిని పొడవాటి వరుసగా పెంచుతారు. కంప్యూటర్లు రాకముందు గణాంక శాస్త్రవేత్తలు అచ్చు పుస్తకాల మీద ఆధారపడేవారు. 1927లో బ్రిటన్‌కు చెందిన టిపెట్ ప్రచురించిన పుస్తకంలో 41,600 అంకెలు ఉన్నాయి, జనాభా లెక్కల నివేదికల నుంచి ఏరినవి. 1955లో రాండ్ కార్పొరేషన్ ఏకంగా పది లక్షల అంకెల పుస్తకం వేసింది. కథ లేని పుస్తకం, అయినా కొనుక్కున్నారు.

కేయాస్‌ను ఈ పనికి వాడవచ్చన్న ఆలోచన లోరెంజ్ కంటే పాతది. 1947లోనే స్టానిస్లావ్ ఉలామ్, జాన్ వాన్ నాయ్‌మన్ ఒక సూత్రాన్ని సూచించారు. సున్నాకూ ఒకటికీ మధ్య ఒక సంఖ్య తీసుకోండి. దానిని ఒకటి నుంచి తీసివేసి, వచ్చినదానితో అసలు సంఖ్యను గుణించి, ఆ జవాబును మళ్లీ నాలుగుతో గుణించండి. వచ్చిన ఫలితాన్ని మళ్లీ అదే సూత్రంలో వేయండి. దీని పేరు లాజిస్టిక్ మ్యాప్. 1976లో రాబర్ట్ మే 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసంతో జీవుల సంఖ్య హెచ్చుతగ్గుల నమూనాగా ఇది ప్రసిద్ధమైంది. ఈ సూత్రంలో చిన్న తేడా సగటున అడుగుకు రెట్టింపవుతుంది. పదో దశాంశ స్థానంలో ఉన్న తేడా సుమారు 33 అడుగుల్లో మొత్తం జవాబునే మార్చేస్తుంది.

ఇంత సరళమైన సూత్రం, ఇంత గజిబిజి ఫలితం. చిప్‌లో పెట్టడం కూడా హాయి. ద్విసంఖ్యామానంలో నాలుగుతో గుణించడమంటే అంకెలను రెండు గదులు ఎడమకు జరపడమే, దానికి తీగలు చాలు, గేటు కూడా అక్కర్లేదు. ఒకటి నుంచి తీసివేయడానికి ప్రతి బిట్‌నూ తిరగేస్తే, చిట్టచివరి స్థానంలో ఒక్క అంకె తేడాతో జవాబు వచ్చేస్తుంది. ఇక మిగిలింది ఒక గుణకార యంత్రం, జవాబును దాచే ఒక రిజిస్టర్. ఇంజనీరింగ్ విద్యార్థులు ఎఫ్‌పీజీఏ బోర్డు మీద ఒక మధ్యాహ్నంలో కట్టేయగలరు.

కట్టాక ఏమవుతుందో కాలిక్యులేటర్‌తోనే చూడవచ్చు. మన చిప్ రెండు దశాంశ స్థానాలే దాచగలదని, మిగిలినవి కత్తిరించేస్తుందని అనుకుందాం. 0.30తో మొదలుపెడితే వరుసగా 0.84, 0.53, 0.99, 0.03, 0.11, 0.39, 0.95, 0.19, 0.61 వస్తాయి. బాగానే ఉంది. ఆ తరువాత 0.95. మళ్లీ 0.19, 0.61, మళ్లీ 0.95. ఇక ఎంతసేపు తిప్పినా ఆ మూడే. విత్తనం మారిస్తే? 0.20తో మొదలుపెట్టండి. 0.64, 0.92, 0.29, 0.82, 0.59, 0.96, 0.15, 0.51 మీదుగా 0.99కి వచ్చి, అక్కడి నుంచి పాత దారిలోనే పోయి అదే గానుగలో పడుతుంది. 0.10 అయినా, 0.40 అయినా అంతే. 0.50 అయితే మరీ ఘోరం. ముందు 1, తరువాత 0, ఆపైన సున్నాయే సున్నా.

ఇది కత్తిరించడంలో వచ్చిన చిన్న ఇబ్బంది కాదు, సమస్యకు మూలమే ఇక్కడుంది. గణితంలో కేయాస్ బతికేది అంతులేని దశాంశాలున్న సంఖ్యల మీద. ఇంకా సరళమైన ఉదాహరణ చూడండి. సంఖ్యను రెట్టింపు చేసి, ఒకటి దాటితే ఆ ఒకటిని తీసేయమనే సూత్రం. గణితం ప్రకారం ఇది కూడా సంపూర్ణ కేయాసే. చిప్‌లో రెట్టింపు అంటే బిట్లను ఒక గది ఎడమకు నెట్టడం. ఎడమ చివరిది రాలిపోతుంది, కుడి చివర సున్నా వచ్చి చేరుతుంది. నాలుగు బిట్ల రిజిస్టర్‌లో 1011 పెడితే, తరువాత 0110, ఆ తరువాత 1100, 1000, చివరకు 0000. నాలుగు అడుగుల్లో ఖాళీ. 32 బిట్లు పెడితే 32 అడుగుల్లో ఖాళీ. ఆ సూత్రం కొత్తగా ఏమీ పుట్టించడం లేదు. విత్తనంలో మనం దాచిన బిట్లను ఒక్కొక్కటిగా బయటికి చూపిస్తోంది, అంతే. నిజమైన సంఖ్యకు కుడివైపు అంతు లేదు కనుక చూపించడానికి ఎప్పుడూ కొత్త అంకె ఉంటుంది. చిప్‌కు ఆ నిధి లేదు. లాజిస్టిక్ మ్యాప్‌లోనూ జరిగేది ఇదే. కాకపోతే గుణకారం కలిపే గజిబిజి వల్ల ఖాళీ అయిన సంగతి వెంటనే బయటపడదు. కొన్ని పదుల అడుగుల తరువాత మనం చూసేది కేయాస్‌ను కాదు, కత్తిరింపుల ఆటను.

1989లో ఈ గొడవ అచ్చులోకే వచ్చింది. రాబర్ట్ మాథ్యూస్ 'క్రిప్టోలాజియా' పత్రికలో కేయాస్ ఆధారంగా ఒక రహస్యలిపి పద్ధతిని ప్రతిపాదించాడు. అదే ఏడు అదే పత్రికలో వీలర్ అనే పరిశోధకుడు, కంప్యూటర్‌లో ఈ వరుసలు చక్రాల్లో చిక్కుకుంటాయని చూపించాడు. ఇద్దరూ కలిసి 1991లో సూపర్ కంప్యూటర్ మీద దీనిని పరిశోధించి మరో వ్యాసం రాశారు. తప్పు పట్టినవాడితో కలిసి కూర్చుని లెక్క చూసుకోవడం నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన విషయం. మాథ్యూస్ వృత్తి సైన్స్ రచన కావడం వల్ల కాస్త పక్షపాతం కూడా ఉందేమో.

చక్రం ఎంత పొడవు ఉంటుందో అంచనా వేయడానికి పుట్టినరోజుల లెక్క పనికొస్తుంది. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటయ్యే అవకాశం సగానికి పైనే. రోజులు 365 ఉన్నా, కలయిక వాటి వర్గమూలం దరిదాపుల్లోనే జరిగిపోతుంది. 32 బిట్ల రిజిస్టర్‌లో సుమారు 429 కోట్ల స్థితులు ఉన్నాయి. ఎలాపడితే అలా దూకే సూత్రమైతే వాటి వర్గమూలం, అంటే 65 వేల దరిదాపుల్లోనే పాత స్థితిని తొక్కేస్తుంది. సెకనుకు పది కోట్ల అడుగులు వేసే చిప్‌లో అది సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. 64 బిట్లయితే 43 సెకన్లు. 128 బిట్లయితే సుమారు 5,800 ఏళ్లు. బిట్లు పెంచడం మందే, కానీ ఖరీదైన మందు. గుణకార యంత్రం పరిమాణం బిట్ల సంఖ్యతో కాదు, దాని వర్గంతో పెరుగుతుంది. ఎఫ్‌పీజీఏలలో సిద్ధంగా ఉండే గుణకార దిమ్మెలు చిన్నవి. జైలింక్స్ 7 సిరీస్‌లో ఒక్కోటి 25 బిట్లను 18 బిట్లతో గుణిస్తుంది. 32ను 32తో గుణించడానికే మామూలుగా నాలుగు దిమ్మెలు పోతాయి. పైగా అంచనా మీద భరోసా లేదు. ఏదో ఒక విత్తనం పొట్టి చక్రంలో పడదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక్కడే హార్డ్‌వేర్ రూపకర్తలు ఒక చక్కని ఉపాయం పన్నారు. ఫీడ్‌బ్యాక్ షిఫ్ట్ రిజిస్టర్ అని ఒక పాత పరికరం ఉంది. వరుసగా కొన్ని బిట్లు, వాటిలో కొన్నింటిని ఎక్స్‌ఆర్ చేసి మొదటి గదిలోకి తిరిగి పంపడం, అంతే దాని నిర్మాణం. గుణకారం లేదు. సరైన గదులు ఎంచుకుంటే 32 బిట్లతో 429,49,67,295 అడుగుల చక్రం కచ్చితంగా వస్తుంది, ఇది గణిత నిరూపణ ఉన్న సంఖ్య. దాని లోపం వేరు. అది మరీ సూటి పరికరం. 64 బిట్ల వరుస చేతికి చిక్కితే దాని గుట్టంతా విప్పేసే పద్ధతిని 1969లో జేమ్స్ మాస్సీ చూపించాడు. దానికి పొడవు ఉంది, రహస్యం లేదు. లాజిస్టిక్ మ్యాప్‌కు వంకర ఉంది, పొడవు మీద హామీ లేదు.

కాబట్టి రెండింటినీ జత కట్టారు. కొన్ని అడుగులకు ఒకసారి షిఫ్ట్ రిజిస్టర్ నుంచి కొన్ని బిట్లు తెచ్చి, లాజిస్టిక్ సంఖ్య కుడి చివరి బిట్లతో ఎక్స్‌ఆర్ చేస్తారు. అతి చిన్న గిచ్చుడు. అయితే చిన్న తేడాను రెట్టింపు చేసుకుంటూ పోవడమే ఆ సూత్రం స్వభావం కదా. కొన్ని పదుల అడుగుల్లో ఆ గిచ్చుడు ఎడమ చివర దాకా పాకి అంతా మార్చేస్తుంది. సీతాకోకచిలుక రెక్కల గురించి చెప్పుకునే మాట ఇక్కడ పనివాడి చేతిలో ఉలి అయింది. పొట్టి చక్రంలో పడబోయిన ప్రతిసారీ బయటికి తోసేవాడు ఉంటాడు. గిచ్చుడు తీరు షిఫ్ట్ రిజిస్టర్ చక్రం పూర్తయ్యేదాకా పునరావృతం కాదు గనుక మొత్తం పరికరం చక్రం కూడా దానికంటే పొట్టిగా ఉండదు.

వేగం ఇంకో చిక్కు. పెద్ద గుణకారం ఒక్క క్లాక్ తట్టులో పూర్తి కావాలంటే క్లాక్ నెమ్మదించాలి. మామూలుగా ఇలాంటప్పుడు పనిని మెట్లుగా విడగొట్టి పైప్‌లైన్ కడతారు. ఇక్కడ అది కుదరదు, ఎందుకంటే ఈ అడుగు జవాబు చేతికి రానిదే తరువాతి అడుగు మొదలుకాదు. నాలుగు మెట్ల పైప్‌లైన్ కడితే ఎప్పుడూ మూడు మెట్లు ఖాళీగా కూర్చుంటాయి. దోసె కాలేదాకా పెనం దగ్గర నిలబడినట్టే. హోటల్లో వంటమనిషి చేసేదే దీనికీ మందు, ఒకేసారి నాలుగు దోసెలు వేయడం. నాలుగు వేర్వేరు విత్తనాలను వరుసగా పైప్‌లైన్‌లోకి వదిలితే అదే యంత్రం నాలుగు స్వతంత్ర వరుసలను నడుపుతుంది. ప్రతి తట్టుకూ ఒక జవాబు బయటికి వస్తుంది.

పంపేవాడూ అందుకునేవాడూ ఒకే వరుసను తయారుచేసుకోవలసిన సందర్భాల్లో ఇంకో జాగ్రత్త ఉంది. బీజగణితంలో ఒకటే అయిన రెండు రాతలు, చిప్‌లో వేర్వేరు చోట్ల కత్తిరింపుకు గురై వేర్వేరు జవాబులు ఇస్తాయి. చివరి బిట్‌లో తేడా వస్తే చాలు, కాసేపట్లో ఇద్దరి దారులూ వేరైపోతాయి. అందుకే తేలే దశాంశ బిందువును వదిలి స్థిర బిందువు వాడతారు, ఎక్కడ ఎలా కత్తిరించాలో బిట్ లెక్కన రాసిపెడతారు.

ఇంత చేశాక ఫలితాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన 15 పరీక్షల కట్టకు పెడతారు. ఒకట్లూ సున్నాలూ సమంగా ఉన్నాయా, పరుగులు ఎంత పొడవు, దాగిన లయ ఏదైనా ఉందా అని అవి చూస్తాయి. కేయాస్ చిప్‌ల మీద వచ్చే వ్యాసాల్లో చాలావరకు ఈ పట్టికతోనే ముగుస్తాయి, అన్నీ పాస్ అని. నాకు అభ్యంతరం అక్కడే. ఈ పరీక్షలు వరుస యాదృచ్ఛికంగా కనిపిస్తోందా అని మాత్రమే అడుగుతాయి. దొంగ ఊహించలేడా అని అడగవు. 1997లో వచ్చిన మెర్సెన్ ట్విస్టర్ అనే ప్రసిద్ధ సూత్రం చాలా పరీక్షల్లో చక్కగా నెగ్గుతుంది. అయినా అది ఇచ్చిన 624 సంఖ్యలు వరుసగా చూస్తే 625వది చెప్పేయవచ్చు. లాజిస్టిక్ మ్యాప్‌లో జవాబు సగం కంటే ఎక్కువా తక్కువా అన్న ఒక్క బిట్‌నే ప్రతి అడుగులో బయటపెట్టినా, ఒక్కో బిట్ విత్తనం గురించి దాదాపు ఒక్కో బిట్ చెప్పేస్తుంది. గిచ్చుడు లేని 32 బిట్ల చిప్ 32 అడుగులు నడిస్తే గుట్టు దాదాపుగా రట్టే. అందుకే లోపలి స్థితిని నేరుగా చూపించకుండా, పై సగాన్నీ కింది సగాన్నీ ఎక్స్‌ఆర్ చేసి మడత పెట్టి పంపుతారు. అది కూడా కొంతవరకే కాపాడుతుంది.

విత్తనం సంగతి మరింత సూటి. 1995లో ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అనే ఇద్దరు విద్యార్థులు నెట్‌స్కేప్ బ్రౌజర్ భద్రతను ఛేదించారు. సూత్రం జోలికి పోలేదు. విత్తనాన్ని గడియారం వేళ నుంచీ, ప్రాసెస్ సంఖ్యల నుంచీ తీసుకుంటోందని కనిపెట్టి, సాధ్యమైన విత్తనాలన్నీ వేసి చూశారు. విత్తనంలో ఉన్న అనిశ్చితి 20 బిట్లే అయితే, దాని మీద ఎంత కేయాస్ పోసినా దొంగ వెతకవలసింది పది లక్షల చిల్లర అవకాశాలే. చిన్న తేడాను కేయాస్ పెద్దది చేయగలదు, లేని తేడాను తేలేదు. విత్తనం కోసం చిప్‌లోనే ఉండే నిజమైన గోలను, అంటే ఉష్ణం వల్ల ఎలక్ట్రాన్లు చేసే అలజడిని, రింగ్ ఆసిలేటర్ల క్లాక్ తడబాటును పట్టుకోవాలి. తమిళనాడు పరిశోధకులు మురళి, లక్ష్మణన్‌లు లియోన్ చువాతో కలిసి 1994లో ప్రకటించిన సర్క్యూట్ లాంటి అనలాగ్ కేయాస్ పరికరాలకు ఈ విషయంలో ఒక మెరుగు ఉంది. అందులో వోల్టేజి నిజంగా అవిచ్ఛిన్నం, గోల దానంతట అదే వచ్చి చేరుతుంది. కానీ ఒకే సర్క్యూట్‌ను రెండుచోట్ల అచ్చు ఒకేలా నడిపించడం కష్టం, వేడి మారితే ప్రవర్తన మారుతుంది.

బ్యాంకుల తాళాల కోసం ఇప్పుడు అందరూ నమ్మే ప్రమాణాల్లో కేయాస్ లేదు. నిస్ట్ సిఫారసు చేసిన మూడు జనరేటర్లూ హ్యాష్, బ్లాక్ సైఫర్ లాంటి, దశాబ్దాలుగా దాడులను తట్టుకున్న పునాదుల మీద కట్టినవే. కేయాస్ చిప్‌లు ప్రస్తుతానికి నప్పేది అనుకరణ లెక్కలకు, సర్క్యూట్లను పరీక్షించే బిట్ వరుసలకు, ప్రసార సంకేతాన్ని వెడల్పు చేసి చెల్లాచెదురు చేసే పనులకు. ఊహించేవాడు ఎదురుగా లేని చోట్లన్నమాట. రహస్యం కోసమూ వాడాలనుకునేవారు ప్రయత్నిస్తూనే ఉన్నారు, 128 బిట్లకూ ఇంకా పైకీ వెళుతూ, రెండు మూడు మ్యాప్‌లను ఒకదానికొకటి తగిలిస్తూ. వారిలో కొందరు నాలుగుకు బదులు మరో గుణకాన్ని పెట్టి దానినే రహస్య తాళంచెవి చేసుకుంటారు. అందులో గోతులున్నాయి. 3.83 పెడితే కేయాస్ మాయమై, ఎంత ఖచ్చితంగా లెక్కకట్టినా మూడు సంఖ్యలే తిరుగుతాయి.

మంచి రూపకల్పనలో చివరగా ఒక చిన్న సర్క్యూట్ కనిపిస్తుంది. దాని ఖర్చు కొన్ని గేట్లు మాత్రమే. ప్రతి అడుగులోనూ రిజిస్టర్‌ను చూసి, అందులో సున్నా ఉందా, వరుసగా రెండుసార్లు ఒకే సంఖ్య వచ్చిందా అని గమనిస్తుంది. 0.50 సున్నాలో మునుగుతుంది, 0.25 వేస్తే 0.75 దగ్గర ఆగి అక్కడే కూర్చుంటుంది. అలాంటిది కంటబడగానే ఆ సర్క్యూట్ షిఫ్ట్ రిజిస్టర్ నుంచి ఒక పిడికెడు బిట్లు తెచ్చి లోపలికి విసురుతుంది.